సూది వద్దన్న పేషెంటు

వృద్ధుల ఆశ్రమం,
లాండ్రీ పక్క గది

మరదలు పిల్లకి,

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మా అమ్మ స్పీకర్ పెడుతుంది. నేను హలో అనగానే అవతల నలుగురు ఆఁ అంటారు. ఆ నలుగురిలో మా అమ్మ ఎవరో కనుక్కునేసరికి నాకు టీ విరామం అయిపోతుంది. మెసేజ్ పెడదామంటే నీ ఫోన్ నీ చేతిలో కంటే ఆవిడ చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఆవిడ నీకు మేనత్త, పైగా ఆ ఇంట్లోనే ఉంటున్నావు కాబట్టి భరించడంలో సగం వాటా నీదే. అబద్ధాలు ఫోన్లో చెప్పుకుందాం. నిజాలు మాత్రం ఇలా నీ పిల్లల వార్డు అడ్రసుకి రాస్తాను.

మొదటి నిజం, నేను పరీక్ష తప్పాను. అరవకు, పిల్లలు లేస్తారు.

ఈ దేశంలో నర్సుగా పేరు నమోదు కావాలంటే మన డిగ్రీ చాలదు, మన సర్వీసు చాలదు. ఒక పెద్ద హాల్లో చేతలతో పరీక్ష ఉంటుంది. వరసగా మంచాలు, కొన్నింటి మీద రబ్బరు బొమ్మలు, కొన్నింటి మీద పేషెంటు వేషం వేసుకున్న మనుషులు. పక్కన ఒకావిడ పలక లాంటి అట్ట పట్టుకుని మార్కులేస్తూ నిలబడుతుంది. నా వంతుకి బొమ్మ వచ్చింది. దానికి ఊపిరి ఆడడం లేదట. ఎమర్జెన్సీలో ఇన్నేళ్ళు చేసినదాన్ని, నాకది ఒక లెక్కా? మంచం దించాను, తల వెనక్కి వంచాను, గొంతు శుభ్రం చేశాను, ఆక్సిజన్ పెట్టాను. బొమ్మ లేచి దండం పెట్టడం ఒక్కటే తక్కువ. చేతులు దులుపుకుని ఆవిడ వంక గర్వంగా చూశాను. సున్నా.

ఎందుకంటే నేను నోరు తెరవలేదట. ఇక్కడ చేసేదంతా పైకి చెబుతూ చెయ్యాలి. ముందు బొమ్మకి నా పేరు చెప్పుకోవాలి. నిన్ను ముట్టుకోవచ్చా అని అడగాలి. ఇప్పుడు చేతులు కడుక్కుంటున్నానని ప్రకటించి మరీ కడుక్కోవాలి. తాతకు దగ్గులు నేర్పినట్టు నాకు చేతులు కడుక్కోవడం నేర్పుతున్నారే పిల్లా.

రెండో నిజం. నమోదు అయ్యేదాకా నన్ను నర్సు అనకూడదు. కాబట్టి ప్రస్తుతం నేను ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, దుప్పట్లు మార్చి, కట్టుడు పళ్ళు ఎవరివి ఎవరి నోట్లోకి వెళ్ళాయో వెతికే మనిషిని. మా అమ్మ అక్కడ నన్ను హెడ్ నర్సు అని చెప్పుకుంటోందని విన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు మాత్రం పెట్టేసింది.

పరీక్ష మొత్తం మూడు సార్లే రాయనిస్తారు. ఒకటి పోయింది. మూడూ పోతే వీసా కూడా పోతుంది, పెట్టె సర్దుకుని వచ్చేయాలి. నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంకెవరితోనూ చెప్పలేదు.

నువ్వు వచ్చేస్తే ధైర్యంగా ఉంటుంది. ముందు నేను, నా వెనకాల నువ్వు అని కదా అనుకున్నాం. నా గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. దాని మీద బట్టలు ఆరేస్తున్నాను, నువ్వు రాగానే తీసేస్తాను. భాష పరీక్షకి చదువుతున్నావా?

నీ వదిన


పిల్లల వార్డు,
స్టాఫ్ బల్ల దగ్గర

వదినకి,

నీ ఉత్తరం చదివి బాధపడాల్సింది పోయి పగలబడి నవ్వాను, మేట్రన్ వచ్చి ఏ పేషెంటు బాగుపడ్డాడని అడిగింది. మన ఆసుపత్రిలో ఒక్కో పేషెంటుకీ పేరు చెప్పుకుని, ముట్టుకోవచ్చా బాబూ అని అడుగుతూ పోతే చివరి మంచం దగ్గరికి చేరేసరికి ఆయన డిశ్చార్జి అయి ఇంట్లో భోజనం చేస్తుంటాడు. అయినా నువ్వు మాట్లాడక ఫెయిలవడం ఏమిటి వదినా? నీ నోటికి భయపడి సర్జన్లు వెనక మెట్ల మీంచి పోయేవాళ్ళు కదా.

నీకు కావలసింది సాధన. స్నానం చేయించే ముసలాళ్ళ దగ్గరే మొదలుపెట్టు. "ఇప్పుడు మీ వీపు రుద్దుతున్నానండీ, ఇప్పుడు చెవుల వెనక తుడుస్తున్నానండీ" అంటూ. వాళ్ళలో సగం మందికి వినపడదు కాబట్టి సిగ్గుపడే పని లేదు.

అత్త నిన్న మందుల షాపాయనకి నువ్వు రాత్రింబవళ్ళు ఆపరేషన్లు చేస్తున్నావని చెప్పింది. నర్సులు ఆపరేషన్లు చెయ్యరత్తా అన్నాను. "అక్కడ చేస్తారు, నీకేం తెలుసు" అంది. హెడ్ నర్సుతో ఆగుతుందనుకోకు, ఈ లెక్కన నువ్వు తిరిగొచ్చేసరికి ఆసుపత్రి కట్టించి ఉంటావు.

పిల్లల వార్డు మొత్తం ఇప్పుడు నా నెత్తిన పడింది. మన బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు విమానమెక్కారు. వీడ్కోలు ఫోటోలు తీసి తీసి వాచ్‌మన్‌కి కెమెరా పనితనం వచ్చేసింది. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నరం దొరకదు, దొరికితే చెయ్యి వణుకుతుంది. పిల్లల తల్లులు నా కొంగు పట్టుకుని వదలరు.

నా సంగతంటావా, ఇప్పుడు చదవడానికి తీరిక ఎక్కడిది? ఇప్పుడప్పుడే కాదులే. ముందు నీ పరీక్ష కానీ.

నీ మరదలు

తా.క. మంచం మీద బట్టలు ఆరేసుకో, పర్వాలేదు.


వృద్ధుల ఆశ్రమం,
లాండ్రీ పక్క గది

మరదలు పిల్లకి,

రెండోసారి కూడా తప్పాను. ఈసారి నవ్వితే మాత్రం ఊరుకోను. సరే, కొంచెం నవ్వుకో.

నీ సలహా ప్రకారం నోరు బాగా సాధన చేశాను. ఎంత అంటే, మా సూపర్‌వైజరు వచ్చి "మీరు పళ్ళు తోముకుంటూ ఎవరికి చెబుతున్నారు" అని అడిగింది. హాల్లోకి సింహంలా వెళ్ళాను. ఈసారి బొమ్మ కాదు, మనిషి. గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దాయన, ముఖం చూస్తే మంచివాడు. పాపం పెన్షన్‌తో పాటు ఇదో చిన్న సంపాదన అనుకుంటాను. చేతికి స్పాంజి దిండొకటి కట్టుకుని కూర్చున్నాడు, సూది అందులోకి గుచ్చాలి. పేరు చెప్పాను. చేతులు కడుక్కుంటున్నానని చెప్పి కడుక్కున్నాను. మందు పేరు, మోతాదు, తేదీ అన్నీ గట్టిగా చదివాను. అట్ట పట్టుకున్నావిడ టిక్కులు పెడుతూనే ఉంది. నా మనసులో నేను అప్పటికే పాసైపోయి మా అమ్మతో స్పీకర్లో మాట్లాడుతున్నాను.

అప్పుడు ఆ గళ్ళ చొక్కాయన అన్నాడు, నాకు ఈ ఇంజెక్షన్ వద్దు అని.

నువ్వైతే ఏం చేస్తావు? మనం ఎన్నిసార్లు వినలేదు ఆ మాట? సూది వద్దనని పేషెంటు మన సర్వీసులో ఉన్నాడా? "అయ్యో బాబాయ్, ఇంత పెద్ద మనిషివి, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే, ఎక్కడా, ఈ చేతికేనా, అదుగో ఆ కిటికీ వైపు చూడు" అన్నాను, వాళ్ళ భాషలో, అంతే ముద్దుగా. ఆయన అటు చూశాడు. పొడిచేశాను. మందు లోపలికి పోయింది, దూది కూడా అద్దాను. "నొప్పి లేదు కదా" అన్నాను. ఆయన నిజాయితీపరుడు, స్పాంజికి నొప్పేమిటి, లేదన్నాడు.

అట్ట పట్టుకున్నావిడ కళ్ళజోడు తీసేసింది.

వద్దన్న మనిషికి సూది పొడవడం ఇక్కడ దాడి చెయ్యడంతో సమానమట. ఎందుకు వద్దంటున్నారో అడగాలట. మందు గురించి చెప్పాలట. అప్పటికీ వద్దంటే సూది పక్కన పెట్టి, వద్దన్నారని రాసి, డాక్టరుకి చెప్పాలట. నాకు ఒళ్ళు మండిపోయింది. బుజ్జగించడమే కదా మన విద్య. కాళ్ళు తన్నుకునే పిల్లాడికి సగం కథ చెప్పి, ఆ కథలోనే సూది వేసే చెయ్యి నాది. ఆ చేతిని పట్టుకుని రౌడీ చెయ్యి అన్నారు. బస్సులో వస్తూ ఏడ్చాను. ముక్కు చీదుకోవడానికి చేతిలో ఆ దిక్కుమాలిన దూదే ఉంది.

ఇంకొక్క అవకాశం ఉంది. అంతే.

ఇక నీకో శుభవార్త. నువ్వు మొహమాటపడుతున్నావని, తీరిక లేదని సాకులు చెబుతున్నావని నాకు అర్థమైంది. చిన్నప్పటి నుంచీ నిన్ను వెనకనుంచి తోస్తే గానీ నీళ్ళలో దిగవు. అందుకని నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటుకి, అదే ప్రతిదానికీ డోంట్ వర్రీ అనే మన డోంట్‌వర్రీ గారికి, నీ పేరు ఇచ్చేశాను. నీ సర్టిఫికెట్ల ఫోటోలు నా దగ్గర ఉన్నాయి కదా, అవీ పంపించాను. ఇంటర్వ్యూకి ఆయనే పిలుస్తాడు. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, కూర్చుని సరే అంటే చాలు.

నువ్వు పక్కనుంటే మూడోసారి పాసవుతాను. నాకు తెలుసు.

నీ వదిన


పిల్లల వార్డు

వదినకి,

డోంట్‌వర్రీ గారు ఫోన్ చేశాడు. నా ఫోన్‌కి కాదు, వార్డు ఫోన్‌కి. ఎత్తింది మేట్రన్. "కంగ్రాట్స్ మేడమ్, మీ స్టాఫ్ మా లిస్టులో సెలక్టయ్యారు, రిలీవ్ ఎప్పుడు చేస్తారు" అన్నాడట. ఆవిడ రిసీవరు చేతిలో పట్టుకుని పిల్లలందరి ముందూ నన్ను అడిగింది, "నువ్వు కూడానా?" అని. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. డ్యూటీ చార్టు తీసి నా పేరు ఉన్న చోట పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది. అది చూస్తే నాకు తల తీసేసినట్టయింది.

సాయంత్రం ఇంటికొస్తే అత్త నా పెట్టె అటక మీంచి దింపించి దుమ్ము దులుపుతోంది. ఆయన అక్కడికీ ఫోన్ చేశాడు.

ఇప్పుడు విను. ఇప్పుడప్పుడే కాదులే అన్నాను. తీరిక లేదన్నాను. మంచం మీద బట్టలు ఆరేసుకోమన్నాను. ఇవన్నీ కలిపి చదివితే ఏమవుతుంది వదినా? వద్దు అనే కదా? ఆ గళ్ళ చొక్కాయన కనీసం ఒక్కసారే అన్నాడు. నేను ఒక్క ఉత్తరంలోనే మూడుసార్లు అన్నాను. నువ్వు నాకు కిటికీ వైపు చూపించి పొడిచేశావు.

నీ పరీక్షలో నిన్ను ఎందుకు తప్పించారో నాకు బాగా అర్థమైంది. నాకే గనక ఆ అట్ట ఇస్తే నేనూ సున్నాయే వేస్తాను.

నేను రాను. ఆ పేరు తీయించు.

మరదలు


ఆశ్రమం

అమ్మాయికి,

బాగుంది. ఎంత చక్కగా రాశావు. ఇన్నాళ్ళూ నీ నోట్లో నాలుక లేదనుకున్నాను, కాగితం మీద దాచుకున్నావన్నమాట.

నేను రానంటే నువ్వే కదా నన్ను పంపించింది? "నువ్వు పద వదినా, నీ వెనకే నేను" అన్నది నువ్వు కాదా? విమానం దగ్గర అద్దం అవతల నిలబడి ఇలా వేళ్ళతో, నువ్వు ముందు నేను వెనక అని చూపించింది ఎవరు? నేను ఒక్కదాన్నే అయితే కదిలేదాన్నా? నా ఎమర్జెన్సీ, మీ మందుల గదిలో నేను కూర్చునే స్టూలు, నాకు భయపడే సర్జన్లు అన్నీ వదిలి ఇక్కడ కట్టుడు పళ్ళు వెతుక్కునేదాన్నా? వద్దనుకున్నప్పుడు ముందే వద్దనాలి. నన్ను ఏటి మధ్యలో దించి గట్టు మీద నిలబడి నీతులు చెప్పకు.

పరీక్ష దగ్గర పడింది. తప్పితే వచ్చేస్తాను. మీ అందరికీ హాయి.

వదిన


పిల్లల వార్డు,
మందుల గదిలో స్టూలు మీద

వదినకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. చదివినప్పుడల్లా కోపం వచ్చింది. ఆ తరువాత ఏడుపు వచ్చింది. ఏటి మధ్యలో దించానన్నావే, అది మాత్రం నిజం.

నీకు మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను. అప్పుడు నాకు రావాలనే ఉంది. నువ్వు వెళ్ళాక ఈ వార్డు నా చేతికొచ్చింది. ఇన్నాళ్ళూ నీ మరదలు అన్నారు నన్ను, నువ్వుంటే అదే పేరు, నువ్వు లేకపోయినా అదే పేరు ఉంటుందనుకున్నాను. ఒక రోజు డాక్టరు గారు నీ గురించి అడగకుండా నన్నే, "ఈ పాపకి ఏం చేద్దామంటావు" అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన అలాగే చేశాడు. వదినా, ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళాను, బస్సెక్కాలని కూడా తోచలేదు.

ఇదేం గొప్ప కారణం కాదు. పిల్లల కోసం త్యాగం చేస్తున్నానని అనుకోకు, ఆ మాట అంటే నాకే నవ్వొస్తుంది. ఇక్కడ నాకు బాగుంది. రావాలని లేదు. ఇంత చిన్న మాట నీతో ఎలా అనాలో తెలియక తీరిక లేదన్నాను. నీతో వద్దు అని ఎప్పుడన్నాను నేను? నా జడ ఎటు పక్క పాయ తీయాలో కూడా నువ్వే చెప్పేదానివి. నీకు వద్దు అనడం కంటే మేట్రన్‌తో దెబ్బలాడడం నయం.

వద్దన్నందుకు క్షమించమని అడగను. అది దాచినందుకు అడుగుతున్నాను.

నువ్వు ఒక్కదానివే అన్న సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించదు. అయినా రాను.

అత్తకి చెప్పేశాను. పెట్టె మళ్ళీ అటకెక్కింది. "పోన్లే, ఒక్కదాని గురించి చెప్పుకోవడానికే నాకు రోజు చాలడం లేదు" అంది. ఆవిడ దారి ఆవిడది.

పరీక్షకి వెళ్ళు. పేషెంటు వద్దంటే నీ చేతులు వెనక్కి కట్టుకో. తప్పినా పాసైనా నాకు ముందు రాయి.

నీ మరదలు


అదే ఆశ్రమం,
అదే గది, కానీ ఈ రోజు కిటికీ తెరిచాను

మరదలు పిల్లకి,

ముందు నీకే రాస్తున్నాను. పాసయ్యాను.

ఎలాగో చెప్పాలి. నీ ఉత్తరం వచ్చాక పంతం పట్టి సాధన మొదలుపెట్టాను. ఇక్కడి ముసలాళ్ళని స్నానానికి లాక్కెళ్ళడం మానేసి, "స్నానం చేస్తారా" అని అడగడం మొదలుపెట్టాను. వద్దంటే సరే అన్నాను. వారం తిరిగేసరికి మా అంతస్తులో ఎవరూ స్నానం చెయ్యలేదు. లిఫ్ట్‌లో ఎక్కినవాళ్ళు మా అంతస్తు దాటేదాకా ఊపిరి బిగబట్టుకున్నారు. సూపర్‌వైజరు నన్ను పిలిచి నీకు హక్కుల గురించి ఎవరు చెప్పారమ్మా అంది. మా మరదలు అన్నాను. ఎందుకు వద్దంటున్నారో కూడా అడగాలి కదా, అది మరిచిపోయాను నేను. అడిగితే ఒకావిడకి నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఒకాయనకి నేను తలుపు వెయ్యడం లేదు. అంతే. ఇన్నాళ్ళూ వాళ్ళని మొండివాళ్ళని తిట్టుకున్నాను.

పరీక్షలో అదే గళ్ళ చొక్కాయన. నన్ను చూడగానే స్పాంజి కట్టుకున్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. అది నటన కాదు, నాకు తెలుసు.

అంతా చదివాను, కడిగాను, చెప్పాను. నాకు ఈ ఇంజెక్షన్ వద్దు అన్నాడు. నా నోట్లో బాబాయ్ అన్న మాట తయారుగా ఉంది. మింగేశాను. నీ మీద ఒట్టు, పిల్లా, నా చెయ్యి దానంతటదే కిటికీ వైపు లేచింది. దించుకున్నాను. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఎందుకు వద్దంటున్నారో చెబుతారా" అన్నాను. ఆయనకి రాసిచ్చిన మాటలేవో ఉన్నాయి, పోయినసారి ఇంజెక్షన్‌కి తల తిరిగిందని, అవి చెప్పాడు. ఆ మందు ఎందుకో, మానేస్తే ఏమవుతుందో చెప్పాను. మళ్ళీ వద్దన్నాడు. నేను అలా చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి వద్దన్నాక ఇంకేమీ చెయ్యకుండా ఎదురుగా కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఇన్నేళ్ళ సర్వీసులో తెలియలేదు. నాకు ఆయన కనిపించలేదు, నువ్వే కనిపించావు. స్పాంజి కట్టుకుని, జడ వేసుకుని, రాను అంటూ.

"సరేనండి, మీ ఇష్టం" అన్నాను. సూది పళ్ళెంలో పెట్టాను. వద్దన్నారని రాశాను. కళ్ళలో నీళ్ళు కనపడకుండా తల వంచాను, అట్ట పట్టుకున్నావిడ అది కూడా మర్యాదలో భాగమనుకుని టిక్కు పెట్టింది.

బయటికొస్తుంటే గళ్ళ చొక్కాయన కారిడార్లో టీ తాగుతున్నాడు. దణ్ణం పెట్టాను. ఆయన దూరంగానే నిలబడి పెట్టాడు.

డోంట్‌వర్రీ గారికి ఫోన్ చేసి నీ పేరు తీయించాను. "మేడమ్, మళ్ళీ ఒకసారి ఆవిడతో మాట్లాడి చూడండి, మెత్తగా చెబితే వింటారు" అన్నాడు. ఆయన మీద నాకున్న తిట్లన్నీ వాడేశాను, ఇంక కొత్తవి నేర్చుకోవాలి.

నిన్న ఇక్కడి పెద్ద ఆసుపత్రి వాళ్ళు పిలిచారు. ఎమర్జెన్సీలో పోస్టు. ఒకావిడ కాగితాలు ముందు పెట్టి, "మీకిది ఇష్టమేనా? కాదన్నా పర్వాలేదు, ఆలోచించుకుని చెప్పండి" అంది. నేను పక్కకి తిరిగి చూశాను పిల్లా, నా తరఫున ఎవరు చెబుతారా అని. పక్కన ఎవరూ లేరు. ఇక్కడికి వెళ్ళమని మా అమ్మ అంది, ఏజెంటు అన్నాడు, నువ్వు అన్నావు. నీకిష్టమేనా అని మాత్రం ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. వద్దనేయాలనిపించింది. వద్దనడం కూడా నా చేతిలోనే ఉందని మొదటిసారి తెలిసింది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెట్టె సర్దుకుని వచ్చి, నీ వార్డు తలుపు తోసుకుని, నా స్టూలు ఏదే అనొచ్చు.

అప్పుడే అద్దాల తలుపు అవతల ఒక స్ట్రెచర్ వచ్చింది. తోస్తున్న అమ్మాయి చక్రం అడ్డం పడి ఇబ్బంది పడుతోంది. నా కాళ్ళు కుర్చీ కింద వాటంతటవే కదిలాయి. నేను వెళ్ళి ఆ స్ట్రెచర్ పట్టుకోవాలని ఎంత కోరుకున్నానో నీకు చెప్పలేను. నీ కోసం కాదు, మా అమ్మ గొప్పల కోసం కాదు. నాకే కావాలనిపించింది.

నువ్వు రావు. అది తెలిసే చెబుతున్నాను, నాకు నువ్వు లేకుండా ఉండడం ఇష్టం లేదు, అయినా ఇక్కడ ఉండడం ఇష్టం. రెండూ నిజమే. ఆవిడ తొందరపెట్టలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగింది.

ఇష్టమేనండి అన్నాను.

నీ వదిన